జూలైలో క్లబ్బు బాధ్యత నాకు వస్తోంది: ఏడాది పొడవునా ఒకే పని పట్టుకుంటే?

వశిష్ఠ ఒడ్డు (పశ్చిమ గోదావరి), జూన్ 2

అందరికీ నమస్కారం. మాది వశిష్ఠ గోదావరి పక్కన చిన్న పట్టణం. ఇక్కడి మహిళా సేవా క్లబ్బులో తొమ్మిదేళ్లుగా ఉన్నాను. జూలై ఒకటి నుంచి అధ్యక్షురాలిగా నా వంతు. మొత్తం 34 మందిమి. ఎక్కువమంది గృహిణులు. ఇద్దరు టీచర్లు, ఒక డాక్టరు గారు, చీరల దుకాణం నడిపే ఆవిడ, రొయ్యల చెరువుల లెక్కలు చూసుకునే ఆవిడ కూడా ఉన్నారు.

బాధ్యత తీసుకునే ముందు పోయిన ఏడాది ఫైలు తిరగేశాను. 41 కార్యక్రమాలు. నోటు పుస్తకాల పంపిణీ, కంటి శిబిరం, వృద్ధాశ్రమంలో పళ్లు, కుట్టుమిషన్లు, మొక్కలు నాటడం, చలివేంద్రం, మార్చి ఎనిమిదిన సన్మానాలు. ప్రతి పుటలోనూ ఫొటోలు, పత్రికల కత్తిరింపులు. తరువాత ఒక్కొక్క చోటికీ వెళ్లి చూద్దామనిపించి బయలుదేరాను. కాలువ గట్టు మీద నాటిన 60 మొక్కల్లో ఐదు మిగిలాయి. ఆ ఐదూ పక్కనున్న టీ దుకాణం ఆయన నీళ్లు పోయడం వల్ల బతికాయి. బాలికల ఉన్నత పాఠశాలకు మేమిచ్చిన ప్యాడ్లు కాల్చే యంత్రానికి ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే ఈ ఏడాది ఒకే బడి, ఒకే పని అనుకుంటున్నాను. అదే బాలికల పాఠశాలలో రక్తహీనత. పిల్లలు ప్రార్థన సమయంలో కళ్లు తిరిగి పడిపోతున్నారని మా టీచర్లు చెబుతున్నారు. సభ్యత్వ రుసుము మనిషికి 1,200 రూపాయలు, దాతలు ఇచ్చేది కొంత. దీన్ని ఎలా మొదలుపెట్టాలి? అసలు ఇది సరైన ఆలోచనేనా? మా పెద్దవాళ్లలో కొందరికి ఇష్టం లేదు. ఏడాది చివర అవార్డులకు కార్యక్రమాల సంఖ్య చూస్తారని వాళ్ల మాట.


పాత పుస్తకం (రాజమహేంద్రవరం), జూన్ 2

చాలా మంచి ఆలోచన అమ్మా. మన దగ్గర ఆడవాళ్లు పెట్టిన సంఘాలు నిలబడింది ఇలా ఒక పని పట్టుకున్నప్పుడే.

మా ఊళ్లో 1909లో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారినే తీసుకోండి. చిన్న పిల్లగా ఉన్నప్పుడే బాలికలకు హిందీ బడి పెట్టారు. తాను నేర్చుకున్నది పక్కవారికి నేర్పడం, అంతవరకే. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభలకు వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని నెహ్రూ గారిని ప్రదర్శన గుమ్మం దగ్గర ఆపేశారు. ఆ పట్టుదల చూడండి! 1937లో ఆవిడ మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలుపెట్టినప్పుడు కూడా దానికి ఆసుపత్రులు, కళాశాలలు లేవు. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లను బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారు చేసే తరగతులతో మొదలైంది. మిగిలినవన్నీ ఆ తరగతుల చుట్టూ పెరిగినవే.

అంతకు ముందు 1902లో మచిలీపట్నంలో భండారు అచ్చమాంబ గారు బృందావన స్త్రీల సమాజం పెట్టారు. గుంటూరులో ఉన్నవ లక్ష్మీబాయమ్మ గారి శారదా నికేతనం 1922 నాటిది. అదీ ఆడపిల్లల చదువు కోసమే. ఇప్పుడు మనం క్లబ్బులు అంటున్న వాటిలో బాగా పెద్దదైన ఇన్నర్ వీల్ కూడా మాంచెస్టర్‌లో 1924 జనవరి 10న మార్గరెట్ గోల్డింగ్ అనే నర్సు చొరవతో మొదలైంది. మొదటి రోజున 27 మంది. మీరు 34 మంది ఉన్నారు!


సంక్రాంతి ముగ్గు (విశాఖపట్నం), జూన్ 3

పెద్దలు చెప్పినది కాదనను. కానీ వశిష్ఠ గారూ, ఒక విషయం ఆలోచించండి. మా క్లబ్బులో రెండేళ్ల క్రితం ఇలాగే ఒక్క పని అనుకున్నాం. మురికివాడలో సాయంత్రం బడి. మొదటి నెల 20 మంది వచ్చాం, దసరా నాటికి నలుగురం మిగిలాం. మిగిలినవాళ్లు సేవ మీద ఇష్టం లేనివాళ్లు కాదు. ఒకావిడకు వృద్ధాశ్రమంలో కూర్చుని భజన చేయించడం ఇష్టం. ఇంకొకావిడకు వంట చేసి పెట్టడం ఇష్టం. పిల్లలకు లెక్కలు చెప్పమంటే వాళ్లకు భయం.

ఇంకో సంగతి కూడా ఉంది. అరవై దాటిన మా సభ్యుల్లో చాలామందికి నెలకు ఒకసారి జరిగే సమావేశమే ఇంటి గడప దాటే సందర్భం. అక్కడ తంబోలా ఆడతారు, పాట పాడతారు, నవ్వుతారు. భర్త పోయిన తరువాత ఆరు నెలలు గది దాటని ఒక అక్కను మళ్లీ మనుషుల్లోకి తెచ్చింది ఆ సమావేశమే. అది కూడా సేవే అని నేను గట్టిగా నమ్ముతాను. దాన్ని తీసేసి అందరినీ రక్తపరీక్షల వరుసలో నిలబెట్టకండి.


పాత లెక్కలు (గుంటూరు), జూన్ 3

నేను బ్యాంకులో పదవీ విరమణ చేశాను. పదకొండేళ్లు మా క్లబ్బు కోశాధికారిని. నాకు తెలిసింది డబ్బు సంగతి, అదే చెబుతాను.

మొదట రెండు ఖాతాలు పెట్టండి. సభ్యత్వ రుసుము ఒక దానిలో. సమావేశాల టీ, టిఫిను, హాలు అద్దె, పైసంస్థకు కట్టే వంతు అందులోంచే. సేవ కోసం దాతలు ఇచ్చిన ప్రతి రూపాయీ రెండో దానిలో. ఈ రెండో దానిలోంచి ఒక్క శాలువా కూడా కొనకూడదు. మా దగ్గర ఒక ఏడాది పుస్తకాల పంపిణీ సభకు ఫ్లెక్సీలు, జ్ఞాపికలు, పూలదండలు, ఫలహారాలు అన్నీ కలిపి 18,600 రూపాయలు ఖర్చు రాశారు. పంచిన పుస్తకాల ఖరీదు 6,200. నేను ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. చాలా గొడవ జరిగింది. ఆ మరుసటి ఏడాది నుంచి మా క్లబ్బులో శాలువా లేదు, ముఖ్య అతిథికి ఒక మొక్క ఇస్తాం.

మీ సంఘం విడిగా రిజిస్టరు అయిందా? 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు ఉంటే చాలు. అయితే ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి, లెక్కలు ఆడిటు చేయించి, రిజిస్ట్రారుకు పంపాలి. చాలా సంఘాలు మొదటి ఏడాది తరువాత ఇది మరిచిపోతాయి. దాతలకు ఆదాయపు పన్ను మినహాయింపు రావాలంటే సంఘానికి ఆదాయపు పన్ను శాఖ అనుమతి (80జి అని పిలుస్తారు) ఉండాలి. అది లేకుండా మినహాయింపు ఉందని ఎవరికీ మాట ఇవ్వకండి.


వార్డు నర్సు (కర్నూలు), జూన్ 3

31 ఏళ్లు ఆసుపత్రుల్లో పనిచేశాను. వశిష్ఠ గారు ఎంచుకున్న సమస్య చిన్నది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. మీ ఊరి తరగతిలో పది మంది పిల్లలను నిలబెడితే సగం మందికి పైగా ఉంటారనుకోండి.

కానీ మాత్రలు కొనకండి! అందరూ చేసే మొదటి పొరపాటు అదే. ప్రభుత్వం వారానికి ఒక ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్ర బడిలోనే ఇస్తుంది. నీలం రంగు మాత్ర. నులిపురుగులకు ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో, ఆగస్టులో ఇస్తారు. మాత్ర బడి దాకా వస్తోంది. పిల్ల కడుపులోకి వెళ్లడం లేదు. ఎందుకంటే పరగడుపున మింగితే వికారం పుడుతుంది. మలం నల్లగా వస్తే పిల్ల భయపడుతుంది, ఇంట్లో అమ్మ ఇంకా భయపడుతుంది. పక్క పిల్ల వాంతి చేసుకుంటే ఆ వారం తరగతి అంతా మాత్రలు కిటికీలోంచి విసిరేస్తుంది. నేను బడుల వెనక గోడల దగ్గర నీలం మాత్రలు ఏరాను.

మీ 34 మంది చేయగలిగింది ఇక్కడే. మధ్యాహ్న భోజనం అయిన తరువాత, మాత్ర మింగేటప్పుడు పక్కన ఒక పెద్దావిడ ఉండాలి. వికారం రెండు మూడు వారాల్లో సర్దుకుంటుందని, నల్లగా రావడం ప్రమాదం కాదని అమ్మ చెప్పినట్టు చెప్పాలి. నిమ్మరసం, ఉసిరి, జామ తోడైతే ఇనుము బాగా ఒంటబడుతుంది. మాత్రకు గంట ముందూ వెనకా టీ, పాలు వద్దు. మన ఇళ్లలో పిల్లలు పొద్దున లేస్తూనే టీ తాగి అన్నం తినకుండా బడికి వస్తున్నారు. అది మాన్పించడం మాత్ర కంటే కష్టం.

పరీక్ష సంగతి. పన్నెండు దాటిన ఆడపిల్లలకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. 8 నుంచి 10.9 మధ్య ఉంటే వారానికి ఒక మాత్ర సరిపోదు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు చూడాలి. 8 లోపు ఉంటే అదే రోజు తీసుకెళ్లండి. మీరు స్వయంగా వేలికి సూదులు గుచ్చకండి. ఏఎన్ఎం (ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త) గారినీ ఆరోగ్య కేంద్రాన్నీ కలుపుకోండి. తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి. ఫలితం పిల్లకూ తల్లికీ తప్ప ఎవరికీ చెప్పకూడదు. ఒక బడిలో పేర్లు, అంకెలు నోటీసు బోర్డుకు అంటించడం చూశాను. 7.4 వచ్చిన పిల్ల మర్నాటి నుంచి బడికి రాలేదు.


బడిగంట (నల్లగొండ), జూన్ 4

ప్రభుత్వ బడిలో జీవశాస్త్రం చెబుతాను. నర్సు గారు చెప్పిన ప్రతి మాటా నిజం. బడి వైపు నుంచి కొన్ని విన్నపాలు.

సేవా సంఘాలు మా దగ్గరకు ఆగస్టు పదిహేను, నవంబరు పద్నాలుగు, జనవరి ఇరవై ఆరు తేదీల్లో వస్తాయి. మిగిలిన రెండు వందల రోజులు ఎవరూ రారు. అతిథులు పదకొండుకు వస్తామంటారు, పన్నెండున్నరకు వస్తారు. అంతవరకూ పిల్లలు ఎండలో బారులు తీరి కూర్చోవాలి. పోయిన ఏడాది అలా కూర్చున్న పిల్లల్లో ఇద్దరు సొమ్మసిల్లారు, ఆ రోజు ఇచ్చినది ఆరోగ్యం మీద ఉపన్యాసం! దయచేసి ఉపన్యాసాలు వద్దు.

వచ్చే ముందు ఒకసారి ఏమీ ఇవ్వకుండా, ఏమీ మాట్లాడకుండా వచ్చి, మరుగుదొడ్ల వైపు నడవండి. కుళాయిలో నీళ్లు వస్తున్నాయా? తలుపుకు గడియ ఉందా? మా పిల్లలు పొద్దున నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగరు. తాగితే వెళ్లాల్సి వస్తుందని. నెలసరి రోజుల్లో మూడు రోజులు బడికే రారు. మా బడికి ఒక మహిళా మండలి గడియలు, బకెట్లు, మగ్గులు, మూత ఉన్న చెత్తబుట్టలు ఇచ్చింది. అన్నీ కలిపి నాలుగు వేలు దాటలేదు. ఏ పత్రికలోనూ రాలేదు. ఆ ఏడాది మా ఆడపిల్లల హాజరు నేను నా రిజిస్టరులో చూశాను, కళ్లు చెమర్చాయి.

ప్యాడ్లు కాల్చే యంత్రం ఎందుకు కవరులోనే ఉందో ప్రధానోపాధ్యాయురాలిని అడగండి. చాలా చోట్ల కారణం ఒకటే: మరుగుదొడ్ల గదిలో ప్లగ్గు లేదు, బూడిద తీసేవాళ్లు లేరు.


కుట్టుపని (ఏలూరు), జూన్ 5

నేను ఏ క్లబ్బులోనూ సభ్యురాలిని కాను. ఈ చర్చ నా చెల్లెలు చూపించింది. ఇవతలి వైపు నుంచి ఒకరు రాస్తే బాగుంటుందనిపించి రాస్తున్నాను.

పన్నెండేళ్ల క్రితం ఒక క్లబ్బు వాళ్లు నాకు కుట్టుమిషను ఇచ్చారు. అప్పటికి మా ఆయన పోయి ఏడాది. వేదిక మీదికి పిలిచి, పది మంది ఆ మిషను మీద చేతులు వేసి ఫొటో తీయించుకున్నారు. మర్నాడు పేపరులో వచ్చింది. నా పేరు ముందు 'నిరుపేద వితంతువు' అని రాశారు. మా అబ్బాయి అప్పుడు ఆరో తరగతి. బడిలో వాడిని ఆ కాగితం చూపించి అడిగారట. ఆ రాత్రి వాడు నాతో మాట్లాడలేదు.

మిషను ఇంటికి వచ్చింది, కానీ నాకు కుట్టు రాదు. తిన్నగా కుట్టు వేయడం వరకు వచ్చు, లంగా కుట్టగలను. జాకెట్టు కత్తిరించడం తెలియదు. చంక దగ్గర ముడతలు పడితే జాకెట్టు మళ్లీ ఎవరూ ఇవ్వరు. బాబిను కేసు అరిగితే ఎక్కడ కొనాలో తెలియదు. ఎనిమిది నెలలు దాని మీద బియ్యం డబ్బా పెట్టాను. అమ్మేద్దామని కూడా అనుకున్నాను.

అప్పుడు ఆ ఫొటోలో చివర నిలబడిన ఒకావిడ మా ఇంటికి వచ్చారు. మిషను ఎలా నడుస్తోందని అడిగారు. బియ్యం డబ్బా చూసి ఏమీ అనలేదు. తరువాతి బుధవారం తన జాకెట్లు నాలుగు, కత్తెర, టేపు, బ్రౌను కాగితం తెచ్చారు. కాగితం మీద కొలతలు గీసి కత్తిరించడం నేర్పారు. ఐదు నెలలు ప్రతి బుధవారం వచ్చారు. ముందు ఫాల్ కుట్టడం, హుక్కులు, కాజాలు, ఆ తరువాత సాదా జాకెట్టు, చివరికి లైనింగు జాకెట్టు. పాడు చేసిన గుడ్డలన్నీ ఆవిడవే. వచ్చిన ప్రతిసారీ తన వీధిలో ఒకరిని వెంటబెట్టుకుని వచ్చి, ఈమె బాగా కుడుతుంది అని చెప్పేవారు, అప్పటికి నేను బాగా కుట్టకపోయినా. ఇప్పుడు నాకు మూడు మిషన్లు, ఒక పీకో మిషను ఉన్నాయి. ఇద్దరు అమ్మాయిలు నా దగ్గర పనిచేస్తున్నారు. అబ్బాయి పాలిటెక్నిక్ పూర్తి చేశాడు.

ఆ రోజు వేదిక మీద ఉన్న మిగిలినవాళ్ల ముఖాలు నాకు గుర్తు లేవు. బుధవారం వస్తే మాత్రం ఇప్పటికీ రెండు కప్పుల టీకి నీళ్లు పెడతాను. ఆవిడ ఇప్పుడు కూతురి దగ్గర హైదరాబాదులో ఉన్నారు.


పాత పుస్తకం, జూన్ 5

కుట్టుపని గారూ, మీ మాటలు రెండుసార్లు చదివాను. మీరు రాసినందుకు కృతజ్ఞతలు.


సంక్రాంతి ముగ్గు, జూన్ 5

అక్కా, ఆ పేపరు మాట చదివి మనసు కలుక్కుమంది. ఇలాంటి వార్తలు మా క్లబ్బు తరఫున నేనే రాసి పంపాను, 'నిరుపేద' అన్న మాటతో సహా. ఇకపై రాయను.

అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. ఫొటోలు లేకపోతే దాతలు ఇస్తారా? వచ్చే ఏడాది అడగడానికి వెళితే పోయిన ఏడాది ఏం చేశారని అడుగుతారు. ఏం చూపించాలి?


దూరదేశం (మెల్‌బోర్న్), జూన్ 6

దాతగా చెబుతాను. మా మిత్రులం కొందరం ఏటా మా ఊళ్లకు డబ్బు పోగు చేస్తుంటాం. మూడేళ్ల క్రితం ఒక బడికి డిజిటల్ బోర్డు కొనిచ్చాం. ప్రారంభోత్సవం ఫొటోలు ముప్పై వచ్చాయి. సెలవుల్లో వెళ్లి చూస్తే అది పాడవుతుందని తాళం వేసిన గదిలో ఉంది, పిల్లలు దాన్ని చూడలేదు. అప్పటి నుంచి నాకు ఫొటోల మీద నమ్మకం పోయింది.

నాకు కావలసింది మూడు నెలలకు ఒక ఉత్తరం. ఇంత వచ్చింది, ఇంత ఖర్చయింది, ఇది కుదిరింది, ఇది కుదరలేదు అని. ముఖ్యంగా కుదరనిది రాయండి. అది రాసిన సంఘానికి నేను రెండో ఏడాది కూడా ఇస్తాను. వశిష్ఠ గారూ, మీ పనికి నేను కొంత పంపాలనుకుంటున్నాను. ఎలా పంపాలి?


పాత లెక్కలు, జూన్ 6

వశిష్ఠ గారూ, ఆయన దగ్గర డబ్బు తీసుకునే ముందు ఇది చదవండి. దూరదేశం గారు భారత పౌరులుగానే ఉండి, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేని సంఘం దాన్ని ముట్టకూడదు. అనుమతి ఉన్నవాళ్లు కూడా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే మొదట తీసుకోవాలి. చిన్న క్లబ్బులు మంచి మనసుతోనే ఇందులో ఇరుక్కుంటున్నాయి. మంచి మనసు ఉన్నంత మాత్రాన చట్టం మినహాయింపు ఇవ్వదు.


దూరదేశం, జూన్ 6

ఇంకా భారత పౌరుడినే. పాస్‌పోర్టు నకలు, పాన్ సంఖ్య జత చేసి పంపుతాను. ముందే చెప్పినందుకు సంతోషం.


బుడమేరు పక్కన (విజయవాడ), జూన్ 7

ఒకే పని అన్నదానికి నేను పూర్తిగా ఒప్పుకోలేకపోతున్నాను. 2024 సెప్టెంబరు మొదటి రోజున బుడమేరు వాగు పొంగి మా మీద పడింది. సింగ్‌నగర్‌లో మొదటి అంతస్తు దాకా నీళ్లు. ఆ రోజు ఏ క్లబ్బూ మా ఏడాది ప్రణాళికలో ఇది లేదు అనుకుని ఉంటే మేము ఏమయ్యేవాళ్లం?

ఆ వారంలో చూసినవి రాస్తాను, ఏ ఊరి వాళ్లకైనా పనికొస్తాయి. అన్నం పొట్లాలు మొదటి రెండు రోజుల తరువాత కుప్పలుగా వచ్చాయి. సాంబారన్నం, పెరుగన్నం పడవల్లో చేరేసరికి పాడయ్యాయి. చింతపండు పులిహోర మాత్రం మర్నాటి దాకా నిలిచింది. చీరలు చాలా వచ్చాయి. లోపలి లంగాలు, జాకెట్లు, నైటీలు, లోదుస్తులు రాలేదు. తడి బట్టలతో మూడు రోజులు ఉన్న ఆడవాళ్లకు చీర ఒక్కటే ఇస్తే ఎలా కట్టుకుంటారు? ప్యాడ్లు అడగడానికి పడవలోని మగపిల్లల ముందు నోరు రాలేదు. నాలుగో రోజున ఒక మహిళా సంఘం వాళ్లు ట్రాక్టరు మీద వచ్చి, ఇంటింటికీ ఒక గుడ్డసంచి ఇచ్చారు. అందులో రెండు నైటీలు, లోదుస్తులు, ప్యాడ్లు, సబ్బు, టార్చిలైటు, అగ్గిపెట్టె, క్లోరిన్ మాత్రలు. మగవాళ్లు సర్దితే ఆ సంచి అలా ఉండేది కాదు.

మీది గోదావరి ఒడ్డు. 1986 ఆగస్టు వరద మీ పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ సంచులు ఒక యాభై కుట్టించి ఉంచుకోండి.


చలివేంద్రం (కడప), జూన్ 7

బుడమేరు గారి మాటకు నా మాట తోడు. మా మండలి బస్టాండు దగ్గర ఉగాది నుంచి తొలకరి దాకా నీళ్ల కుండలు పెట్టడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లు. అది కూడా ఒకే పనే కదా, వేసవికి మాత్రమే. కుండలు పెట్టడం తేలిక, కడగడమే కష్టం. రోజూ తెల్లవారుజామున ఐదింటికి ఇద్దరు వెళ్లి నిన్నటి నీళ్లు పారబోసి, కుండలు తోమి, తడి గుడ్డలు చుట్టి నింపాలి. ఈ వంతుల పట్టిక తప్పితే కుండలో పాచి పడుతుంది, ఆ నీళ్లు తాగినవాడికి రోగం మన చేత్తో ఇచ్చినట్టే. వశిష్ఠ గారూ, మీరు బడిలో చేసేదానికీ ఇలాంటి వంతుల పట్టికే కావాలి. పట్టికలో ఎవరి పేరు ఎవరి పక్కన వేయాలో జాగ్రత్తగా చూడండి. పడని ఇద్దరిని ఒక వంతులో వేస్తే ఇద్దరూ రారు.


వశిష్ఠ ఒడ్డు, జూన్ 9

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఈ చర్చ మొత్తం కాగితం మీదికి తీసి నిన్నటి సమావేశంలో చదివాను. కుట్టుపని గారి మాటలు చదివేటప్పుడు గొంతు పట్టేసింది, మా కార్యదర్శి అందుకుని పూర్తి చేశారు.

గట్టిగానే వాదన జరిగింది. అవార్డుల మాట ఎత్తినావిడే చివరికి ఒక మంచి మాట అన్నారు. మన ప్రాంతంలో లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు జీవితమంతా దారిన పోయేవారికి అన్నం పెట్టడం ఒక్కటే చేశారు, ఇప్పుడు బడిలో పిల్లలు తినే మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే ఉంది, ఆ భోజనం తరువాత మాత్ర మింగించడానికి మనం వెళ్లడం ఆవిడకు నచ్చుతుంది అని. 34 మందిలో 19 మంది బడి పనికి పేర్లు ఇచ్చారు. మిగిలినవారిలో ఆరుగురు చలివేంద్రం చూసుకుంటారు. సంక్రాంతి ముగ్గు గారూ, మీరు చెప్పినట్టే తంబోలా, పాటలు అలాగే ఉంటాయి. వాటిని ముట్టుకోవడానికి నాకూ మనసు రాలేదు. సేవ ఖాతాలో అయిదో వంతు వరదకో, తుపానుకో కదల్చకుండా ఉంచాలని తీర్మానం రాశాం. సంచుల పనికి చీరల దుకాణం ఆవిడ గుడ్డ ఇస్తామన్నారు.

ప్రధానోపాధ్యాయురాలిని కూడా కలిశాను. బడిగంట గారు చెప్పినట్టు మొదట మరుగుదొడ్ల వైపు నడిచాను. ప్లగ్గు లేదు. ఎనిమిది తలుపుల్లో మూడింటికి గడియ లేదు.


బడిగంట, జూన్ 9

గడియలు ఇత్తడివి వేయించండి. ఇనుపవి ఒక వానాకాలానికి తుప్పు పట్టి ఊడిపోతాయి.


వార్డు నర్సు, జూన్ 10

తల్లుల సమావేశం మాత్రల కంటే ముందే పెట్టండి. తల్లికి కూడా అదే రోజు పరీక్ష చేయించండి. తల్లికి 9 ఉండి, కూతురికి 9 ఉంటే ఇంట్లో తిండి మారాలని వేరే చెప్పనక్కరలేదు. మన ఇళ్లలో అందరూ తిన్నాక మిగిలినది తినేది ఈ ఇద్దరే. ఆకుకూర, పప్పు ఈ ఇద్దరి కంచాల్లోకి రావాలి. మునగాకు మీ దగ్గర పెరట్లోనే ఉంటుంది, కొనక్కరలేదు.


వశిష్ఠ ఒడ్డు, అక్టోబరు 16

నాలుగు నెలల తరువాత రాస్తున్నాను. కుదిరినవీ కుదరనివీ రాస్తాను.

కుదరనివి ముందు. తల్లుల సమావేశానికి మొదటిసారి పిలిస్తే పదకొండు మంది వచ్చారు. పగటిపూట పెట్టాం. రొయ్యల షెడ్లలో పనిచేసే తల్లులు ఒక పూట కూలి వదులుకుని ఎలా వస్తారు? ఆ ఆలోచన మాకు ముందే రావలసింది. రెండోసారి ఆదివారం సాయంత్రం వాళ్ల పేటలోనే, రామాలయం అరుగు మీద పెట్టాం. అరుగు నిండిపోయింది. ప్యాడ్లు కాల్చే యంత్రం ఇంకా పనిచేయడం లేదు. ప్లగ్గు వేయించాం, ఆ గదికి విద్యుత్తు తీగె బలం చాలదట. ప్రస్తుతానికి మూత ఉన్న బుట్టలు, మునిసిపాలిటీ బండి.

గడియలు వేశాం, ఇత్తడివే. కుళాయి బాగయింది. హిమోగ్లోబిన్ 8 లోపు ఉన్న పిల్లలు ముగ్గురు తేలారు. ఏఎన్ఎం గారు, నేను, వాళ్ల తల్లులు అదే రోజు డాక్టరు దగ్గరకు వెళ్లాం. అందులో ఒకమ్మాయికి నెలసరిలో అధిక రక్తస్రావం ఉందని, రెండేళ్లుగా ఎవరికీ చెప్పలేదని అప్పుడు తెలిసింది. ఇప్పుడు వైద్యం జరుగుతోంది. మొన్న నన్ను చూసి, అమ్మమ్మా, మెట్లు ఎక్కితే ఆయాసం రావడం లేదు అంది.

మాకు మాత్రల రోజు గురువారం. భోజనం అయ్యాక ఇద్దరం చొప్పున వెళతాం, ఉప్పు వేసిన నిమ్మనీళ్లు కలిపి తీసుకువెళతాం. మొదటి నెలలో మాత్రను నాలుక కింద దాచుకుని బయటికి వెళ్లి ఉమ్మేసేవారు. ఇప్పుడు వాళ్లే ఒకరినొకరు పట్టుకుంటున్నారు.


కుట్టుపని, అక్టోబరు 16

అమ్మా, ఆ వరద సంచులు కుట్టడం అయిపోయిందా? కాకపోతే గుడ్డ నా దగ్గరకు పంపండి. యాభై సంచులు మా అమ్మాయిలు, నేను కలిసి కుడతాం. కుట్టుకూలి వద్దు. బుధవారాలు మా దుకాణంలో ఆ పని పెట్టుకుంటాం.


వశిష్ఠ ఒడ్డు, అక్టోబరు 17

పంపుతున్నాను. దగ్గర దగ్గర ముప్పై గజాల గుడ్డ, రేపు ఉదయం మా తమ్ముడు ఏలూరు వస్తున్నాడు, వాడి చేతికి ఇస్తాను. పిడులకు నాడా కూడా పెట్టాను, సరిపోకపోతే చెప్పండి.

రెండో పరీక్ష సంక్రాంతి సెలవులయ్యాక. నర్సు గారూ, అప్పుడు అంకెలు మీకు పంపుతాను, పేర్లు లేకుండా.